ఎవరి పేరు చెప్పి కట్టారు?

సస్కటూన్ నుంచి దక్షిణంగా కారులో గంట పైచిలుకు వెళితే గార్డినర్ డ్యామ్ వస్తుంది. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రం, ప్రెయిరీ నేల. ఎటు చూసినా గోధుమ, కనోలా, మధ్యలో ధాన్యం గోదాములు. వేసవికని ఇక్కడికి వచ్చిన మా ఆవిడ మేనమామ ఊళ్లో ఏమీ చూడనని, డ్యామ్ మాత్రం చూపించమని పట్టుబట్టారు. ఆయన నీటిపారుదల శాఖలో ఈఈగా రిటైరయ్యారు. సర్వీసులో సగం నాగార్జునసాగర్ కుడికాలువ మీదే గడిచింది. మా ఆవిడ ఇక్కడే నదుల మీద పనిచేస్తోంది. ఆమె నాన్నగారి ఊరు 1981లో శ్రీశైలం నీళ్ల కింద పోయింది. ఒకే ఇంట్లో కట్టినవాళ్లూ మునిగినవాళ్లూ ఉండటం కృష్ణ ఒడ్డు కుటుంబాల్లో వింతేమీ కాదు. కారు నడిపింది నేను. వెనక ఆవిడ, పక్కన ఆయన. ఎవరి మాటకు తలూపినా ఇంటికెళ్లాక ఇబ్బందే గనక, విన్నది విన్నట్టు రాయడమే క్షేమం.

మామయ్య: ఏదే డ్యామ్? ఇందాకట్నుంచీ రోడ్డు మీదే పోతున్నాం.

మేనకోడలు: డ్యామ్ మీదే పోతున్నాం మామయ్యా. ఈ రోడ్డు వేసింది కట్ట నెత్తిమీదే.

మామయ్య: ఓరినీ! ఆపమ్మా... ఆపు బాబూ పక్కన. అయిదు కిలోమీటర్ల పొడవని చదివాను గానీ ఇంత వాలుగా ఉంటుందనుకోలేదు. అరవై నాలుగు మీటర్ల ఎత్తు కట్టకి అడుగున వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు! మన సాగర్ చూడు, బండ మీద రాయి పేర్చుకుంటూ నిటారుగా లేచింది. ఇక్కడ కింద బండెక్కడిది? బేర్‌పా షేల్ అంటారు, పాత సముద్రం అడుగు మట్టి. ఎండినప్పుడు పలకలుగా ఊడుతుంది, తడిస్తే సబ్బు. అలాంటి నేల మీద కట్ట నిలబెట్టాలంటే ఇదిగో, ఇంత పరుపు వేసుకోవాలి. వేస్తూ వేస్తూ కూడా షేల్ జారుతోందని వాలు ఇంకా ఇంకా తగ్గించారట. ఆరున్నర కోట్ల ఘనపు మీటర్ల మట్టి!

మేనకోడలు: ఇప్పటికీ జరుగుతోంది తెలుసా? జలాశయం నిండినప్పుడు కట్ట కింది వైపుకి రవ్వంత కదులుతుంది. నీళ్లు తగ్గితే వెనక్కి వస్తుంది గానీ పూర్తిగా రాదు.

మామయ్య: తెలుసు. అందుకే లోపల అన్ని గొట్టాలు పాతిపెట్టి, కట్టిన రోజు నుంచీ కొలుస్తున్నారు. భయపడాల్సింది జరిగే డ్యామ్‌కి కాదే, కొలవని డ్యామ్‌కి. 1959లో మొదలుపెట్టి 1967కి పూర్తిచేశారు. 1967 జులైలో ఇది ప్రారంభం, ఆగస్టులో ఇందిరాగాంధీ మన సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. రెండూ ఒక ఈడు పిల్లలు. నీళ్లు కూడా సరిసమానమే. ఇక్కడ 940 కోట్ల ఘనపు మీటర్లు. అంటే మన లెక్కలో 330 టీఎంసీల పైమాటే. ఒండ్రు పూడాక సాగర్‌లో ఇప్పుడు ఉన్నది 312.

మేనకోడలు: మరి ఆ లెక్క ఇంకో అడుగు ముందుకెయ్యి. సాగర్ ఆయకట్టు ఎంత?

మామయ్య: రెండు కాలువల కిందా కలిపి 22 లక్షల ఎకరాలు, అటూ ఇటూగా.

మేనకోడలు: ఈ డీఫెన్‌బేకర్ సరస్సు కింద ఎంతో తెలుసా? 5 లక్షల ఎకరాలు తడుపుతామని చెప్పి కట్టారు. అరవై ఏళ్లవుతోంది. తడిసింది లక్ష ఎకరాల చుట్టూనే.

పెద్దాయన ఒక్క నిమిషం మాట్లాడలేదు. నా మట్టుకు నాకు ఆ ప్రయాణంలో అసలు వాదన అక్కడే మొదలైందనిపించింది.

మామయ్య: కాలువలు తవ్వలేదా?

మేనకోడలు: తూర్పు ఒడ్డున అవుట్‌లుక్ ఊరి చుట్టూ తవ్వారు. పడమటి ఒడ్డున మొదలుపెట్టి 1970ల మొదట్లో వదిలేశారు. అసలు సంగతి కాలువలు కాదు. రైతులకు నీళ్లు అక్కర్లేకపోయాయి.

మామయ్య: నీళ్లు వద్దన్న రైతా? నువ్వు చెప్తే నమ్మాలి గానీ... నేను పనిచేసినన్నాళ్లూ చివరి భూముల వాళ్లు తూముల దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకునేవాళ్లు. లస్కర్ షట్టర్ దించి తాళం వేసి సైకిలెక్కేవాడు, వాడి సైకిల్ మలుపు తిరగ్గానే గడ్డపారతో షట్టర్ లేపేవాళ్లు. పొద్దున్నే పై ఊరి వాళ్లొచ్చి మళ్లీ దించేవాళ్లు. మధ్యలో నాకు రెండు వైపులా తిట్లు. అలాంటిది, గుమ్మం ముందుకి నీళ్లు తెచ్చి పెడితే వద్దంటారా?

మేనకోడలు: ఇక్కడి సేద్యం వేరు. ఒక్కో కుటుంబానికి వందలు, వేల ఎకరాలు. వాన మీద గోధుమ వేస్తారు. ఏడాది వేసి ఏడాది బీడు పెట్టి, నేలలో తడి దాచుకోవడం అప్పటి పద్ధతి. నువ్వొచ్చి అందులో నూట అరవై ఎకరాలకి నీళ్లిస్తానంటావు. వాటికోసం అతను నేల చదును చెయ్యాలి, పంపులకి అప్పు చెయ్యాలి, మనుషుల్ని పెట్టుకోవాలి. పండించేది మాత్రం అదే గోధుమ. బంగాళాదుంపలో కూరగాయలో వేస్తే కొనేవాడెక్కడ? మంచు పడని రోజులు ఏడాదికి మూడున్నర నెలలు. రెండో పంట ఊసే లేదు. మీరు నీళ్లిస్తారా లేక మమ్మల్ని అప్పుల్లోకి దించుతారా అని మీటింగుల్లో అడిగారు. తప్పేముంది?

మామయ్య: తప్పని కాదు. కానీ 1930లలో ఈ రైతుల తండ్రులేగా మట్టి గాలుల్లో పొలాలు ఎగిరిపోతుంటే ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయింది? పగలు దీపం పెట్టుకున్న రోజులవి. నేను గుంటూరు వాణ్ని, డొక్కల కరువు పేరు చిన్నప్పట్నుంచీ విన్నవాణ్ని. కరువు చూసిన తరం అడిగినదాన్ని వాన పడ్డ తరం వద్దంటుంది. మళ్లీ కరువొచ్చినప్పుడు అదే తరం ఎందుకు కట్టలేదంటుంది. ఇంజనీరు ఈ రెండో మాట విని కట్టాలి.

మేనకోడలు: కట్టమని అడిగినవాళ్లు అడిగారు. అడిగిన కథ ఇంకా పాతది. 1857లో బ్రిటన్ నుంచి పాలిసర్ అనే అతను వచ్చి చూసి, ఈ దక్షిణపు త్రికోణమంతా సేద్యానికి పనికిరాదన్నాడు. మరుసటేడు వచ్చిన హెన్రీ హైండ్ ఇక్కడే, ఎల్బో దగ్గర నది మలుపులో, అడ్డుకట్ట వేస్తే నీళ్లు కపెల్ లోయలోకి తిరిగి పడవలు నడుస్తాయన్నాడు. కరువొచ్చాక, 1935లో ప్రెయిరీ పొలాల పునరావాసానికి ఒక సంస్థే పెట్టారు. ఆ సంస్థ వాళ్లే ఈ డ్యామ్ సర్వే చేసింది. సరే, ఒప్పుకుంటాను. కానీ కట్టే ముందు ఒక రాయల్ కమిషన్ వేశారుగా? హాగ్ అధ్యక్షుడు. 1952లో వాళ్లేమన్నారు? ఖర్చుకు తగ్గ ఫలితం రాదన్నారు.

మామయ్య: అమ్మలూ, బీసీ రేషియో సంగతి నాకు చెప్పకు. మంత్రి కట్టాలనుకుంటే ఒకటిన్నర వస్తుంది, వద్దనుకుంటే పాయింట్ తొమ్మిది వస్తుంది. కాగితం అదే, గుమాస్తా అతనే.

మేనకోడలు: నేననేదీ అదేగా! ప్రధాని మారాడు, లెక్క మారింది. 1957లో డీఫెన్‌బేకర్ వచ్చాడు, ఈ రాష్ట్రంవాడే. 1958లో ఒప్పందం అయిపోయింది.

ఇక్కడ నేను కలగజేసుకుని ఒక సరదా సంగతి చెప్పాను. డ్యామ్‌కి పెట్టిన పేరు గార్డినర్‌ది, ఇరవై ఏళ్లకు పైగా కేంద్ర వ్యవసాయ మంత్రి, లిబరల్. నీళ్లకు పెట్టింది కన్సర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్ పేరు. ఒడ్డున ఉన్న పార్కుకి పెట్టింది అప్పటి ముఖ్యమంత్రి టామీ డగ్లస్ పేరు, సోషలిస్టు. మూడు పార్టీలకూ తలా ఒక ముక్క. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డులు మార్చే ఖర్చు తప్పింది. పెద్దాయన నవ్వారు గానీ మేనకోడలు నవ్వలేదు.

మేనకోడలు: ముగ్గురి పేర్లూ ఉన్నాయి. రాయి పేరు లేదు.

మామయ్య: ఏ రాయి?

మేనకోడలు: మిస్తాసెనీ. ఎల్బో దగ్గర లోయలో ఉండేది. మంచుయుగంలో హిమానీనదం మోసుకొచ్చి వదిలేసిన బండ, నాలుగు వందల టన్నులు. పడుకున్న అడవిదున్న ఆకారం. క్రీ జాతి వాళ్ల కథ ఒకటుంది. ప్రయాణంలో బండి మీంచి జారిపడ్డ పసివాణ్ని దున్నల మంద పెంచిందట. పెద్దయ్యాక తనవాళ్లెవరో తెలిసింది. ఆ మనుషులకీ ఈ మందకీ మధ్య పోరు వచ్చినప్పుడు ఎటూ పోలేక దున్నై, ఆ తర్వాత రాయైపోయాడట. క్రీలు, అసినిబోయిన్లు తరతరాలుగా ఆ రాయి దగ్గర చేరేవాళ్లు, కానుకలు పెట్టేవాళ్లు. నీళ్లొస్తున్నాయని తెలిశాక మా యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త ఒకాయన, జెనన్ పొహొరెకీ, దాన్ని పైకి లాగి కాపాడుదామని చందాలు పోగుచేశాడు. చాల్లేదు. బరువు ఎక్కువన్నారు, ఖర్చు ఎక్కువన్నారు. 1966 డిసెంబరులో డైనమైట్ పెట్టి పేల్చేశారు.

మామయ్య: పేల్చడమెందుకు? మునిగితే మునిగేదిగా.

మేనకోడలు: నన్నడిగితే? ముక్కలు కొన్ని తెచ్చి ఎల్బో పడవల రేవు దగ్గర స్మారకం కట్టారు. కొన్నేళ్ల కిందట నీళ్లలో దిగి మిగిలిన ముక్కల్ని చూసొచ్చారు కూడా.

మామయ్య: అది మాత్రం సిగ్గుమాలిన పని. ఆరున్నర కోట్ల ఘనపు మీటర్లు ఎత్తి పోసినవాళ్లకి నాలుగు వందల టన్నులు బరువా? చూడు, అవే రోజుల్లో మనం నాగార్జునకొండలో ఏం చేశాం? 1954 నుంచి 60 దాకా లోయంతా తవ్వారు. ఇక్ష్వాకుల కట్టడాలు, స్తూపాలు, రాళ్లకి నంబర్లు వేసి కొండమీదికి మోసి మళ్లీ పేర్చారు. మ్యూజియం కట్టారు. డబ్బున్న దేశం రాయిని పేల్చింది, అప్పు తెచ్చుకున్న దేశం రాయిని మోసింది.

మేనకోడలు: మోశాం. శ్రీశైలం ముంపులోనూ మోశాం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చారు. దేవుడికి ఇల్లు చూపించాక మనుషులకి చూపించారా? వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. ఇంటికొక ఉద్యోగమని జీవో 98 వచ్చింది 1986లో. ఆ జీవో పేరు చెప్పుకుని ధర్నాకి కూర్చునేవాళ్లు నా చిన్నప్పుడూ ఉన్నారు, మొన్న నేనొచ్చినప్పుడూ ఉన్నారు. అప్పట్లో యువకులు, ఇప్పుడు తలలు నెరిశాయి. మా నాన్న వాళ్ల ఊరు మండు వేసవిలో నీళ్లు బాగా తగ్గితే తేలుతుంది. గోడలేమీ లేవు. గానుగ రాయి ఒకటి, బావి వర ఒకటి.

మామయ్య: మీ నాన్న పెళ్లికి ముందు ఆ ఊరు నేనూ వెళ్లానులే. నల్లరేగడి కాదది, ఒండ్రు. ఏం పండేదనుకున్నావు! ఆ మాటకి నేనేం ఎదురు చెప్పను. కానీ ఇక్కడ ఊళ్లు మునగలేదుగా? కొంతమంది పశువుల వాళ్ల భూములు, డబ్బిచ్చి తీసుకున్నారు. మనలా లక్షమంది రోడ్డున పడలేదు.

మేనకోడలు: పడలేదు. ఎందుకు పడలేదు? 1874లో నాలుగో నంబరు ఒడంబడిక చేసుకుని, ఇక్కడి జాతుల్ని రిజర్వులకు పంపేశారు గనక. లోయని ముందే ఖాళీ చేయించేశారు, డ్యామ్ కట్టేనాటికి లెక్కలో మనుషులు తక్కువ. అయినా నువ్వు చూడాల్సింది మనుషుల లెక్క ఒక్కటే కాదు మామయ్యా. ఈ ప్రెయిరీలో చెట్టంటూ ఉండేది ఎక్కడ? నది లోయలోనే. పైన గాలి తప్ప ఏమీ లేదు. చలికాలంలో మైనస్ ముప్పైలో దున్నలూ మనుషులూ దిగి తలదాచుకునేది ఆ లోయలోనే. రెండు వందల పాతిక కిలోమీటర్ల పొడవునా ఆ చెట్లున్న నేలనే ముంచారు. ఎవరికీ పెద్దగా పనికిరాని మెట్ట మొత్తం పొడిగా మిగిలింది.

మామయ్య: జలాశయం ఎక్కడ కట్టినా లోయలోనే కడతారు. కొండమీద కట్టరు.

మేనకోడలు: నాకూ తెలుసు. లోయకి ఖరీదు కట్టేటప్పుడు మెట్ట ఖరీదు కట్టొద్దంటున్నాను.

అవతల నీళ్ల అంచున ఇసుక తీరం మీద చిన్న పిట్ట ఒకటి పరిగెత్తి ఆగి, పరిగెత్తి ఆగి, ఏదో ఏరుకుంటోంది. పైపింగ్ ప్లవర్. కెనడాలో దీన్ని అంతరించే ప్రమాదమున్న పక్షుల పట్టీలో చేర్చారు. ఈ సరస్సు తీరాలు దానికి పెద్ద గూళ్ల స్థావరం. రాకీ పర్వతాల మంచు కరిగి మే నుంచి జులై దాకా జలాశయం నిండుతుంటుంది, సరిగ్గా అదే ఈ పిట్ట ఇసుకలో గుడ్లు పెట్టే కాలం. డ్యామ్ దానికి తీరమిచ్చింది, డ్యామే గూడు ముంచుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు గానీ దాన్ని సాక్ష్యానికి పిలవలేదు. అంతవరకు మెచ్చుకోవాలి.

మామయ్య: సరే, సేద్యం మాట పక్కన పెట్టు. రెజీనా, మూస్ జా నగరాలు ఏ నీళ్లు తాగుతున్నాయి?

మేనకోడలు: ఇవే. అటు కపెల్ నది మొదట్లో రెండో కట్ట ఉంది, దాంట్లోంచి వదిలితే బఫెలో పౌండ్ సరస్సుకు వెళ్తాయి. అక్కడ్నుంచి ఆ రెండు ఊళ్లకి. సస్కటూన్‌కి నదిలోంచే.

మామయ్య: అంటే రాష్ట్రంలో సగానికి పైగా జనం ఈ నీళ్లే తాగుతున్నారు. పొటాష్ గనులకీ ఇవే. కొటో క్రీక్ జలవిద్యుత్ కేంద్రం 186 మెగావాట్లు. 2013లో కాల్గరీ మునిగినప్పుడు ఆ వరదంతా ఇటేగా వచ్చింది? ఈ కట్ట లేకపోతే మీ ఇంటి దగ్గర నడక దారులు ఏమయ్యేవి? సాగునీటికని కట్టారు, తాగునీటికి పనికొచ్చింది. నీళ్లు చేతిలో ఉంటే అవసరం తనంతట తనే వస్తుంది. రైతు పేరు చెప్పి కట్టారని నువ్వు మోసంలా మాట్లాడుతున్నావు. నేను దాన్ని ముందుచూపు అంటాను.

మేనకోడలు: తెలిసి చేస్తే ముందుచూపు అను. రెజీనా గొట్టాలకీ గనులకీ పవర్‌హౌస్‌కీ కడుతున్నాం అని చెబితే హాగ్ కమిషన్ అప్పుడే ఆ లెక్కే వేసేది. ఆ ఊళ్లు, ఆ కంపెనీలు ఖర్చులో వాటా పెట్టేవి. కట్ట ఇంత పెద్దది కావాలా అని అడిగేవాళ్లు. రైతు పేరు చెబితే ఎవరూ ఏమీ అడగరు. అన్ని పార్టీలూ చేతులెత్తుతాయి. పోలవరం దాకా చూస్తున్నాంగా.

మామయ్య: పోలవరం జోలికి రాకు, ఇంకో రోజు పడుతుంది.

మేనకోడలు: రానులే. కానీ ఇక్కడ మళ్లీ అదే పేరు చెబుతున్నారు. 2020 జులైలో ముఖ్యమంత్రి ప్రకటించాడు. 400 కోట్ల డాలర్లు, పదేళ్లు, మూడు దశలు, 5 లక్షల ఎకరాలు. గుర్తుపట్టావా ఆ అంకె?

మామయ్య: పాతదే!

మేనకోడలు: పాతదే. మొదటి దశలో 1970లలో పడమటి ఒడ్డున వదిలేసిన కాలువల్నే బాగుచేస్తారట.

పెద్దాయన ముఖంలో అప్పుడొచ్చిన వెలుగు నేను దాచలేను. వదిలేసిన కాలువ అంటే రిటైరైన ఇంజనీరుకి ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎక్కడ, ఎంత దూరం, లైనింగ్ ఉందా, గట్లు కోసుకుపోయాయా, ఎన్ని డ్రాపులు, అన్నీ అడిగారు. ఆవిడకు సగం తెలియదు.

మామయ్య: ఈసారి రైతులేమంటున్నారు?

మేనకోడలు: కొందరు కావాలంటున్నారు. అవుట్‌లుక్ దగ్గర పివట్ స్ప్రింక్లర్లు తిరుగుతున్నచోట పొలం విలువ పెరిగింది, దుంప, చిక్కుడు గింజలు పండిస్తున్నారు. నేల చదును చెయ్యాల్సిన బాధ పివట్‌తో పోయింది. అది నిజమే. కానీ ఇక్కడ్నుంచి మన దేశానికి వచ్చే పంటేది? మైసూరు పప్పు, పచ్చ బఠాణీ పప్పు. మీ ఇంట్లో ఎర్రపప్పు సగం రోజులు సస్కచెవాన్‌దే అయ్యుంటుంది. దానికి కాలువ నీళ్లు అక్కర్లేదు. పెడితే తెగుళ్లొస్తాయి. ప్రెయిరీ రైతు వాన మీద బతకడం నేర్చుకునే ఆ పంటకి మళ్లాడు.

మామయ్య: వానే లేని ఏడు? 2023లో ఈ సరస్సే అడుక్కి పోయిందని నువ్వే ఫోన్లో చెప్పావు.

మేనకోడలు: చెప్పాను. వాన లేని ఏడు పర్వతాల్లో మంచూ తక్కువే పడుతుంది. అప్పుడు 5 లక్షల ఎకరాలకి ఎక్కణ్నుంచి తెస్తావు? ఎగువన ఆల్బర్టా ఉంది. కాల్గరీ, లెత్‌బ్రిడ్జ్ చుట్టూ కాలువలు వాళ్లవి మనకంటే ముందువి.

మామయ్య: పంపకం ఉందిగా? 1969 ఒప్పందం చదివాను. సహజ ప్రవాహంలో సగం ఆల్బర్టా కిందికి వదలాలి, ఆ వచ్చినదాంట్లో సగం, తన నేల మీద పుట్టిన నీళ్లలో సగం సస్కచెవాన్ మానిటోబాకి వదలాలి. రెండు పేజీల్లో అయిపోయే సూత్రం. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ గారు చూస్తే అసూయపడేవారు. మనం బచావత్, బ్రిజేశ్‌కుమార్ అంటూ ఇప్పటికీ కొట్టుకుంటున్నాం.

మేనకోడలు: సూత్రం మంచిదే. మన దగ్గర కొట్లాట ఉందంటే అవతల అడిగేవాడు ఉన్నాడని అర్థం. ఇక్కడ కొట్లాట లేదంటే అందరికీ సరిపోయిందని అనుకోకు. కంబర్లాండ్ హౌస్ పేరు విన్నావా?

మామయ్య: మ్యాప్‌లో చూశాను. డెల్టా దగ్గర.

మేనకోడలు: ఈశాన్యంగా, మానిటోబా సరిహద్దు దగ్గర. సముద్రం దగ్గర కాదు, నేల మధ్యలో డెల్టా, పది వేల చదరపు కిలోమీటర్లు. ఉత్తర అమెరికాలో నేల మధ్య డెల్టాల్లో అంత పెద్దది లేదు. 1774లో హడ్సన్ బే కంపెనీ అక్కడ తోళ్ల వ్యాపారానికి కోట పెట్టింది. క్రీలు, మేటీలు చేపలు పట్టుకుని, మస్క్‌రాట్ వేటాడుకుని బతికిన నేల. ప్రతి జూన్‌లో పర్వతాల వరదొచ్చి పాయలన్నీ నింపి, ఒండ్రు పరిచి వెళ్లేది. ఇప్పుడు జూన్ వరద ఇక్కడ ఆగిపోతోంది. దాన్ని చలికాలం దాకా దాచి, కరెంటు గిరాకీ ఉన్న నెలల్లో వదులుతున్నారు. కింద ఇంకో డ్యామ్, ఈబీ క్యాంప్‌బెల్, 1963 నాటిది. అది రోజులో గంట గంటకీ హెచ్చుతగ్గులు చేస్తుంది. వేసవిలో పాయలెండి, చలికాలంలో మంచు కింద నీళ్లు పెరిగి, మస్క్‌రాట్ గూళ్లు మునుగుతున్నాయి. 2021లో అక్కడి క్రీ జాతి వాళ్లు డెల్టా మీద సార్వభౌమాధికారం మాదే అని ప్రకటించారు. కాగితం మీద మానిటోబాకి వెళ్లాల్సిన నీళ్లు లెక్కప్రకారం వెళ్తూనే ఉన్నాయి. ఏ నెలలో వెళ్లాలో ఒప్పందంలో లేదు.

మామయ్య: ఒండ్రు?

మేనకోడలు: చూస్తున్నావుగా, ఇక్కడే, మన కాళ్ల కింద. కింద తేటనీళ్లు పోతున్నాయి, అడుగు కోసుకుంటూ.

మామయ్య: అది నాకు కొత్తకాదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట తీరం కోసుకుపోతోంది. హంసలదీవి వైపు వెళితే కళ్లకి కనిపిస్తుంది. పైన మేమందరం కట్టి ఒండ్రు ఆపాం. ఒండ్రుకి గేటు పెట్టే విద్య ఇంకా రాలేదు. కానీ వరదకి గేటు ఉందే! నువ్వు చెప్పేదానికి డ్యామ్‌ని తిట్టడం దేనికి? ఆపరేషన్ రూల్ మార్చాలి. మంచు బాగా పడ్డ ఏడు జూన్‌లో ఒక పది రోజులు స్పిల్‌వే ఎత్తండి, డెల్టా పాయలు నిండుతాయి. చిన్న పని. నాకు ఆ రూల్ కర్వ్ ఇస్తే రాత్రికి రాసిస్తాను.

మేనకోడలు: పది రోజులు స్పిల్‌వే మీంచి వదిలితే అవి టర్బైన్‌లోంచి పోని నీళ్లు. విద్యుత్ సంస్థ ఒప్పుకుంటుందా?

మామయ్య: నష్టం ఎంతో లెక్కకట్టి చెప్పమను. 186 మెగావాట్లంటే మహాసముద్రమేమీ కాదు. లెక్క లేకుండా ఒప్పుకోననడం వేరు, లెక్క చూసి కాదనడం వేరు.

మేనకోడలు: ఆ లెక్క కట్టేటప్పుడు బల్ల దగ్గర కంబర్లాండ్ హౌస్ వాళ్లకి కుర్చీ ఉంటుందా? లేక చివర్లో సంప్రదించాం అని ఒక పేరా రాస్తారా?

మామయ్య: కూర్చోబెట్టాలి. ఏ నెలలో ఏ పాయకి ఎంత కావాలో వాళ్లకంటే మనకెక్కువ తెలుసా? కూర్చోబెట్టండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, వాళ్లడిగిన ప్రతిసారీ గేటెత్తి, మర్నాడు వాన లేని ఏడొస్తే రెజీనాకి నీళ్లు నువ్వు మోసుకెళ్తావా?

మేనకోడలు: మోయను. ఆ ఏడు రెజీనా వాళ్ల లాన్లకి నీళ్లు కట్టేస్తాను. కొత్తగా ఇస్తామంటున్న 5 లక్షల ఎకరాలు అప్పటికి ఇంకా కాగితం మీదే ఉంటాయి గనక అవి అడగవు.

మామయ్య: లాన్లకి కట్టేస్తానని చెప్పి ఎన్నికల్లో గెలిచినవాణ్ని ఒక్కణ్ని చూపించు, నీ రూల్ కర్వ్ మీద నేనే సంతకం పెడతా.

మేనకోడలు: నీళ్లొద్దన్న రైతులకి కాలువ తవ్వుతానని గెలిచినవాళ్లని ఇద్దర్ని చూపించాగా!

మామయ్య: ఊఁ... అది సరే గానీ బాబూ, ఆ వదిలేసిన పడమటి కాలువ ఇక్కడికెంత దూరం? పొద్దుందిగా ఇంకా.